జుట్టు ఊడుతున్న నెల కాదు, దానికి మూడు నెలల ముందు ఏం జరిగిందో చూడండి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. నాకు అర్థమైంది ఇదీ: మీరు 25 ఏళ్ల అమ్మాయి. సొంతూరు ఖమ్మం పక్కన, ఉద్యోగం హైదరాబాదులో, ఉండేది హాస్టల్లో. సెప్టెంబరు మొదటి వారంలో డెంగీ వచ్చి ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. నవంబరు ఆఖరు నుంచి దువ్వెన పెడితే చాలు, కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తోంది. ఒకరోజు లెక్కపెడితే 230 తేలాయి. ఇప్పుడు జనవరి. హైదరాబాదు బోరు నీళ్లు పడలేదని అమ్మగారి నమ్మకం. ఈలోపు రెండు షాంపూలు మార్చారు, ఉల్లిపాయ రసం పట్టించారు, జుట్టుకు మంచిదని అమ్మే బయోటిన్ విటమిన్ గమ్మీలు తింటున్నారు. ఒక క్లినిక్‌లో ఆరు నెలల ప్యాకేజీ 80 వేలన్నారు. నాన్నగారిది బట్టతల. అన్నయ్యకు 28 ఏళ్లకే నుదుటి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోతుంటే మందుల షాపులో అడిగి ఫినాస్టెరైడ్ అనే బట్టతల మాత్ర వేసుకుంటున్నాడు. అది మీరూ వేసుకోవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న.

దానికే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతావి రేపు చదివినా ఫర్వాలేదు. వేసుకోవద్దు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడని మందు అది. కడుపులో మగబిడ్డ ఉంటే ఆ బిడ్డ జననాంగాల ఎదుగుదల దెబ్బతింటుంది. గర్భంతో ఉన్నవాళ్లు విరిగిన మాత్రను చేత్తో కూడా పట్టుకోవద్దని కంపెనీవాళ్లే చీటీలో రాస్తారు.

ఇక మీ జుట్టు సంగతి. నేను ఇరవై ఏళ్లకు పైగా చర్మవ్యాధుల ఓపీలో కూర్చుంటున్నాను. జుట్టు రాలుతోందని వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. నిన్నటి దాన్ని అనుమానిస్తారు. నిన్న మార్చిన షాంపూ, మొన్న మారిన నీళ్లు, పోయినవారం పట్టించిన నూనె. జుట్టుకు అంత తొందర లేదు. దానికి కోపం వస్తే మూడు నెలల తర్వాత చూపిస్తుంది.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా, నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత పెరగడం ఆపేసి మూడు నెలలపాటు కుదుట్లో ఊరికే కూర్చుని, కింది నుంచి కొత్తది మొలుస్తుంటే రాలిపోతుంది. మామూలు మనిషిలో ఏ రోజు చూసినా ఇలా కూర్చున్నవి పది శాతం, అంటే పదివేలు. వాటికి వంద రోజుల గడువు. రోజుకు వంద రాలడం మామూలే అని మేం చెప్పేది ఈ లెక్కతోనే. డెంగీ వంటి పెద్ద జ్వరం వచ్చినప్పుడు ఒంట్లోని శక్తి అంతా అటు మళ్లుతుంది, ఇంకా పెరగాల్సిన వెంట్రుకలు కూడా ఒక్కసారిగా పని ఆపేస్తాయి. అవి సెప్టెంబరులో రాలవు. జ్వరం తగ్గి, మీరు ఆఫీసుకు వెళ్లి, డెంగీ సంగతే మర్చిపోయాక నవంబరు ఆఖరులో మొదలవుతాయి. మీ తేదీలు చూడండి, సరిగ్గా అలాగే ఉన్నాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. టైఫాయిడ్, కోవిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, తిండి మానేసి నెలలో ఎనిమిది కిలోలు తగ్గడం, వీటన్నిటి వెనకా ఇదే వస్తుంది.

మీరు రాసిన ఒక మాట దగ్గర ఆగాను. "వేరుతో సహా ఊడి వస్తోంది, ఇక అక్కడ మొలవదేమో" అన్నారు. ఓపీలో ఈ మాట వినని రోజు లేదు. పాలిథిన్ కవర్లో జుట్టు దాచి, కవరు మీద తేదీ రాసి తెస్తారు. నేను ఆ కవరు విప్పి ఒక్కో వెంట్రుకను నల్ల కాగితం మీద పెడతాను. చివర గుండుసూది తల కంటే చిన్నగా, తెల్లగా ఒక ముద్ద ఉంటుంది. అది వేరు కాదు. విశ్రాంతిలోకి వెళ్లిన వెంట్రుక అడుగు అలా గట్టిపడి ముద్దకడుతుంది. కుదురు చర్మంలోనే క్షేమంగా ఉంటుంది, కొత్త వెంట్రుకకు అప్పటికే పని మొదలుపెట్టి ఉంటుంది. నిజానికి ఆ తెల్ల ముద్ద కనిపిస్తే నాకు సగం ఊరట. అది లేకుండా మధ్యలో తెగిన ముక్కలే ఎక్కువగా ఉంటే కథ వేరు: స్ట్రెయిటెనింగ్, రంగు, తడి జుట్టును గట్టిగా దువ్వడం, పిల్లలైతే తలలో తామర.

నీళ్ల సంగతి. అమ్మగారిని తప్పుపట్టడం లేదు. ఆంధ్రా నుంచి వచ్చినా తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినా హైదరాబాదులో జుట్టు ఊడిన ప్రతివాళ్లూ అనే మాటే ఇది. బోరు నీళ్లలో సున్నం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు నురగ రాదు, జుట్టు పీచులా తయారవుతుంది, చివర్లు తెగుతాయి. అంతవరకు నిజమే. కుదురులోకి దిగి వెంట్రుకను ఊడబెరికే పని మాత్రం నీళ్లు చేయలేవు. మరి ఊరు మారిన మూడో నెలలో ఎందుకు ఊడుతుంది? ఊరు మారితే నీళ్లొక్కటే మారవు కదా. అమ్మ చేతి పప్పూ గుడ్లూ పోయి మెస్సులో పలుచటి సాంబారు వస్తుంది. నిద్ర పోతుంది. పెళ్లి చూపులకని బరువు తగ్గే ప్రయత్నం మొదలవుతుంది. మూడు నెలల తర్వాత నింద మాత్రం నీళ్ల మీద పడుతుంది. మీ విషయంలో ఇంకా తేలిక: మీరు హైదరాబాదు వచ్చి మూడేళ్లయిందని మీరే రాశారు. రెండేళ్ల పైచిలుకు పడిన నీళ్లు నవంబరులో పడకుండా పోవు.

నింద తప్పు చోట పడినట్టే మెప్పు కూడా తప్పు చోట పడుతుంది. ఇలాంటి జుట్టు రాలడం, కారణం తొలగిపోతే, మూడు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. అంటే మూడో నెలలో మీరు ఏది మొదలుపెట్టినా అది పనిచేసినట్టే కనిపిస్తుంది. ఉల్లిపాయ రసం, మందార నూనె, ఊరి నీళ్లు, ఏదైనా. క్లినిక్ ప్యాకేజీ ఆరు నెలలే ఎందుకు ఉంటుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. రక్తం తీసి, ప్లాస్మా వేరుచేసి తలలోకి ఎక్కించే పీఆర్పీకి వంశపారంపర్యంగా పలచబడే జుట్టులో కొంత ఫలితం ఉంది, అది కూడా అందరికీ కాదు. జ్వరం తర్వాత రాలే జుట్టుకు దాని అవసరం లేదు. ఉల్లిపాయ మీద 2002లో ఇరాక్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది, నలభై మంది కూడా లేనిది, పైగా అది పేనుకొరుకుడు మీద చేసింది. మీ జబ్బు అది కాదు. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందనేదీ ఇంతే. కోసిన వెంట్రుక కొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, ఒత్తుగా తగులుతుంది, కుదుళ్ల సంఖ్య పెరగదు. తిరుపతి మొక్కు ఉంటే తీర్చుకోండి, అది వేరే లెక్క.

ఇంత చెప్పాక కూడా, డాక్టరు దగ్గరకు వెళ్లొద్దని నేను అనడం లేదు. మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసినవి రెండున్నాయి. ఒకటి, నాన్నగారి బట్టతల. రెండోది, "పాపిడి వెడల్పయినట్టుంది" అని మధ్యలో ఎక్కడో రాసిన ముక్క. జ్వరం తర్వాత రాలే జుట్టు తలంతా సమానంగా పలచబడుతుంది, పాపిడి ఒక్కటే వెడల్పవదు. వంశపారంపర్యంగా పలచబడేది వేరేలా వస్తుంది. ఆడవాళ్లలో ముందు పాపిడి విచ్చుకుంటుంది, నుదుటి అంచు మాత్రం అలాగే ఉంటుంది. కొన్నేళ్లుగా చాప కింద నీరులా నడుస్తున్న ఈ వంశపారంపర్యపు రకం డెంగీ తర్వాత ఒక్కసారిగా బయటపడటం నేను చాలామందిలో చూశాను. పొరపడ్డానూ. ప్రాక్టీసు కొత్తలో ఒకామెకు "కాన్పు తర్వాత మామూలే, తగ్గిపోతుంది" అని చెప్పి రెండుసార్లు పంపేశాను. మూడోసారి ఆమె తన పెళ్లి ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఫోటోలో పాపిడి దారంలా ఉంది. ఎదురుగా కూర్చున్న తలలో చిటికెన వేలంత ఉంది. అప్పటి నుంచి రోగుల్ని పాత ఫోటో అడుగుతాను. మీరు కూడా రెండు మూడేళ్ల కిందటిది, పాపిడి కనిపించేది ఒకటి ఫోన్లో వెతికి ఉంచుకోండి.

మంచి డాక్టరు మీ తలకు ఏం చేస్తారో చెబుతాను, చేశారో లేదో మీకే తెలుస్తుంది. ముందు మిమ్మల్ని చాలాసేపు అడుగుతారు: జ్వరాలు, మందులు, నెలసరి, బరువు, తిండి. తర్వాత యాభై అరవై వెంట్రుకల పాయను వేళ్ల మధ్య పట్టుకుని కుదురు నుంచి కొన దాకా నెమ్మదిగా లాగుతారు. ఆరు దాటి చేతికి వస్తే జుట్టు చురుగ్గా రాలుతున్నట్టు. ఆ తర్వాత డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దం మాడు మీద పెట్టి చూస్తారు. అందులో వెంట్రుకలన్నీ ఒకే లావున ఉంటే జ్వరం తాలూకుది. లావువీ సన్నవీ కలగాపులగంగా ఉంటే వంశపారంపర్యానిది. ఈ పని అయిదు నిమిషాలది, నొప్పి లేదు. తల తాకకుండా, ఎదురు కుర్చీలోంచే నాలుగు రకాల సీరమ్‌లు రాసిచ్చేవాళ్లుంటే లేచి వచ్చేయండి.

డెర్మోస్కోప్‌లో మేం వెతికేది ఇంకొకటి ఉంది, దానికి మాత్రం ఆగడానికి వీల్లేదు. కుదుళ్ల రంధ్రాలు మూసుకుపోయి, చర్మం నున్నగా మెరుస్తూ, చుట్టూ ఎర్రగా పొలుసులుంటే అది మచ్చకట్టే రకం. లైకెన్ ప్లానోపైలారిస్, లూపస్ ఈ కోవలోవి. అక్కడ కుదురే చచ్చిపోతుంది, పోయిన జుట్టు మళ్లీ రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే వైద్యం. మంట, దురద, తాకితే నొప్పి ఉన్నవాళ్లు చుండ్రనుకుని నూనెలు మారుస్తూ ఏడాది గడిపేస్తుంటారు. అనుమానం వస్తే నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి బయాప్సీకి పంపుతాం. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఆ లక్షణాలు లేవు.

ఇక పేనుకొరుకుడు. రూపాయి బిళ్లంత మేర ఒక్కసారిగా నున్నగా అయిపోతుంది. పేను ఏమీ కొరకదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. గురివింద గింజ అరగదీసి రాసి, బొబ్బలెక్కిన తలతో వచ్చినవాళ్లను చూశాను. ఆ గింజ విషం, పిల్లలున్న ఇంట్లో అసలు ఉంచకూడదు. చిన్న మచ్చలకు స్టెరాయిడ్ సూది మందు అక్కడికక్కడ వేస్తే చాలామందికి తిరిగి వస్తుంది. తలంతా పోయినవాళ్లకు 2022 నుంచి బారిసిటినిబ్ వంటి మాత్రలు వచ్చాయి, రక్తపరీక్షలు చేయిస్తూ వాడాల్సినవి.

పరీక్షల విషయానికొస్తే మీకు నేను రాసేవి: హిమోగ్లోబిన్‌తో కూడిన సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డి. నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలున్నా హార్మోన్ పరీక్షలు, స్కానింగ్. అంతే. "హెయిర్ ప్రొఫైల్" పేరుతో నలభై పరీక్షల చిట్టా ఇస్తే అక్కర్లేదు. ఫెర్రిటిన్ కాగితంలో ఒక చిక్కు ఉంది. 14 ఉన్నా చాలా ల్యాబుల్లో "నార్మల్" అనే వస్తుంది. జుట్టు రాలేవాళ్లలో అది 40 దాటాలని నేను చూస్తాను. ఈ అంకె మీద డాక్టర్లందరిదీ ఒకే మాట కాదు, కానీ నెలనెలా రక్తం పోయే వయసులో, మాంసం తక్కువ తినే ఇళ్లలో, 14ని బాగుందని వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఐరన్ మాత్ర రాస్తే దాన్ని టీతో, కాఫీతో కలిపి వేసుకోకండి, నిమ్మరసంతో అయితే మంచిది. మలం నల్లగా వస్తుంది, కంగారుపడకండి.

రక్తం ఇచ్చే ముందు ఆ గమ్మీలు ఆపండి, కనీసం మూడు రోజులు. ఇది మాటవరసకు చెప్పడం లేదు. బయోటిన్ ఎక్కువ మోతాదులో తింటుంటే కొన్ని ల్యాబ్ యంత్రాలు తికమకపడతాయి. టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తాయి, లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు వస్తుంది. గుండెపోటు గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా తక్కువ చూపించే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. నా దగ్గరే ఒకమ్మాయి రిపోర్టు అలా వస్తే, థైరాయిడ్ డాక్టరుకు చీటీ రాసి చేతికివ్వబోతూ, "ఇంకేమైనా వాడుతున్నావా తల్లీ?" అని అడిగాను. బ్యాగులోంచి గమ్మీల డబ్బా తీసింది. వారం ఆపి మళ్లీ చేయిస్తే అంతా బాగానే ఉంది. పైగా బయోటిన్ లోపం మన తిండి తినేవాళ్లలో చాలా అరుదు, ఆ గమ్మీలతో మీ జుట్టుకు ఒరిగేదీ లేదు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి. రోజుకు రెండు గుడ్లు, ఒక పూట గట్టి పప్పు, ఒక గిన్నె పెరుగు, గుప్పెడు వేరుశెనగలు ఉంటే మెస్సు భోజనమైనా నెట్టుకురావచ్చు.

మందు విషయం. మీది డెంగీ తర్వాత వచ్చినదే అని తేలితే మందు అవసరం లేదు, ఏప్రిల్, మే నాటికి దువ్వెన ఖాళీగా కనిపించాలి. జడ మళ్లీ పాత లావుకు రావడానికి ఏడాది పైన పడుతుంది, నెలకు సెంటీమీటరే కదా. పాపిడి సంగతి నిజమై వంశపారంపర్యం కూడా కలిసిందని తేలితే మినాక్సిడిల్ రాస్తారు. మొదట్లో అది బీపీ మాత్ర. వేసుకున్నవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు మొలుస్తున్నాయని గమనించి తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో మగవాళ్లకు 1988లో అనుమతి వచ్చింది. ఇక్కడా మూడు నెలల లెక్క వెంటాడుతుంది. రాయడం మొదలుపెట్టిన తొలి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది, కొత్తది పాతదాన్ని తోస్తుంది కాబట్టి. సగం మంది "పడలేదు" అని అక్కడే ఆపేస్తారు. నాలుగు నుంచి ఆరు నెలలు వాడితే గానీ ఫలితం తెలియదు. బాగుందని ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది, అప్పుడు నింద ఇంకో షాంపూ మీద పడుతుంది. గర్భం అనుకుంటున్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వాడకూడదు. రాత్రి రాసుకుంటే దిండుగలీబుకు అంటకుండా ఆరనివ్వండి, లేకపోతే చెంపల మీద నూగు వస్తుంది. మీ హాస్టల్లో పిల్లి ఉందంటే అది మీ తల నాకకుండా చూసుకోండి, పిల్లులకు ఆ మందు ప్రాణాంతకం.

ఎవరి దగ్గరకు వెళ్లాలని అడిగారు. బోర్డు మీద ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ, ఈ చర్మవ్యాధుల చదువుల్లో ఒకటి ఉండాలి. ట్రైకాలజిస్ట్ (జుట్టు నిపుణుడు) అన్నంత మాత్రాన అది మన దేశంలో డాక్టరు డిగ్రీ కాదు. డబ్బు ఇబ్బందైతే గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. క్యూ పెద్దది, పొద్దున్నే చీటీ తీసుకోవాలి, కానీ రోజుకు వందల తలలు చూసే చేతులు అక్కడున్నాయి. ఎక్కడికి వెళ్లినా ఒకటే అడగండి: "నా జబ్బు పేరేమిటి, చీటీలో రాస్తారా?" పేరు రాయకముందే ప్యాకేజీ రేటు చెప్పే చోట డబ్బు కట్టకండి.

అన్నయ్య గురించి. మగవాళ్లకు రోజుకు ఒక మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ 1997 నుంచి అనుమతి ఉన్న మందే, బాగానే పనిచేస్తుంది. మందుల షాపు సలహాతో వాడటమే తప్పు. కొద్దిమందిలో కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, దిగులు వస్తాయి. అలా వస్తే డాక్టరుకు చెప్పుకోగలగాలి, షాపువాడికి చెప్పుకోలేడు కదా. అది వాడుతూ రక్తదానం చేయకూడదు, ఆపిన నెల తర్వాతే. 28కే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అంటే మాత్రం ఒక ఏడాది మందు వాడి చూడమనండి. నాటినవి ఉంటాయి గానీ మందు లేకపోతే వెనకున్న సొంత జుట్టు పోతూనే ఉంటుంది, మధ్యలో దీవిలా మిగులుతుంది. చేయించుకునే రోజున కత్తి పట్టేది డాక్టరా, టెక్నీషియనా అని ముందే అడగమనండి. యూట్యూబ్ చూసి నేర్చుకోవడం శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు.

మీరు డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు రోజు తలస్నానం చేయకండి, నూనె రాయకండి. తలంటుకుని వస్తే రాలాల్సినవి బాత్రూంలోనే రాలిపోతాయి, మేం లాగి చూస్తే ఏమీ రాదు. డెంగీ డిశ్చార్జి కాగితం, పాత ఫోటో, వాడుతున్నవాటి డబ్బాలు, గమ్మీలతో సహా, ఒక సంచిలో వేసుకోండి. ఒక రోజు రాలిన జుట్టు కవర్లో పెట్టి తీసుకెళ్లండి, నల్ల కాగితం మీద చూడమనండి. మిగతా రోజులవి లెక్కపెట్టడం మానేయండి.